నలభై ఏడో నంబరు బిళ్ల

జూన్ 9

అక్కకి,

ముందుగా క్షమాపణ. ఇది ఆషామాషీ క్షమాపణ కాదు, యావజ్జీవ క్షమాపణ. నువ్వు ఐదేళ్లు ఏకచ్ఛత్రంగా ఏలిన ఇంట్లో పుట్టి నీ రాజ్యాన్ని సగం చేసినందుకు. నీ జామెట్రీ బాక్సులో కప్పను పెట్టింది నేనేనని నువ్వు ఈనాటికీ నమ్ముతున్నందుకు (కప్ప తనంతట తానే ఎక్కింది, నేను ప్రత్యక్ష సాక్షిని మాత్రమే). నీ పెళ్లి ఫొటోలన్నిటిలో కళ్లు మూసుకున్నందుకు. ఈ ఉత్తరం నిడివికి, ఇకపై రాబోయే ఉత్తరాల నిడివికి, వాటిలో కనబడబోయే నిజాల కొరతకు నీ పాదాల ముందు సాష్టాంగపడుతున్నాను. పడ్డట్టు ఊహించుకో. నేల తడిగా ఉంది, ఇప్పుడే తుడిచాను.

"ఫోన్లో నీ నవ్వు వినపడుతుంది గానీ నిజం వినపడదు, కాగితం మీద రాసి పంపు" అని బస్సెక్కుతూ ఆజ్ఞాపించావు కదా. మీ టీచరు ట్రైనింగు హాస్టల్లో ఫోను కోసం ఆదివారం గంటసేపు వరసలో నిలబడాలని తెలిశాక, ఆ ఆజ్ఞ వెనక ఉన్నది వివేకం కాదు, బద్ధకం అని అర్థమైంది.

ఇంటి సమాచారం. నువ్వు వెళ్లిన నాలుగో రోజుకే క్వార్టర్స్‌లో నా పరువు పోయింది. గంజి పెట్టిన చీర ఆరేయడం రాదని పక్కింటావిడ అందరికీ చెప్పింది. మీ ఆయన, అనగా మా బావ, క్షేమం. పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లి పాత బ్యాటరీల సీసాన్ని కొలిమిలో కరిగించి దిమ్మెలు పోయించి, సాయంత్రం బూడిద పూసుకున్న సన్యాసిలా ఇంటికొస్తున్నాడు. స్నానాల గదిలో కుళాయిలు మూడు, కొలిమి వాళ్లు అరవై మంది. అక్కడ వంతు కోసం నిలబడితే ఇంటికొచ్చేసరికి కూతురు నిద్రపోతుందని అదే బట్టలతో బండెక్కి వచ్చేస్తాడు. నేను అదే ఫ్యాక్టరీలో స్టోరు గుమాస్తాను కాబట్టి ఫ్యాను కింద కూర్చుని మేకులు లెక్కపెట్టి వస్తాను. డిగ్రీ చదివిన ఫలం.

మీ అమ్మాయి, అనగా పిచ్చుక, వాళ్ల నాన్న బండి చప్పుడు వినగానే గేటు దాకా పరుగు. ఫ్యాక్టరీ వాళ్లు కొలిమి మనుషులకి రోజూ ఇచ్చే అరలీటరు పాలప్యాకెట్టు బావ తాగడం లేదు. చొక్కా జేబులో పెట్టుకుని దీనికోసం తెస్తున్నాడు. కత్తెర తెచ్చేలోపు ఇది మూల కొరికి తాగేస్తోంది. పిచ్చుక కాదు, ఉడుత.

ఇంకో గొప్ప విశేషం. నీ కూతురికి అక్షరాలు నేర్పే కొత్త పద్ధతి కనిపెట్టాను. బావ బండి ట్యాంకు మీద రోజూ పౌడరులా మెత్తటి దుమ్ము పేరుకుంటుంది. దాని మీద వేలితో దిద్దిస్తున్నాను. తప్పొస్తే వేలు నాకి తుడిచి మళ్లీ రాస్తుంది. పలక అక్కర్లేదు, బలపం అక్కర్లేదు. మీ ట్రైనింగులో ఇలాంటివి చెబుతారా? చెప్పరు.

ఇట్లు,
తాత్కాలిక ఇల్లాలు, నీ తమ్ముడు


జూన్ 14

ఒరేయ్ తమ్ముడూ,

నీ క్షమాపణ అందింది. కప్ప సంగతి తప్ప మిగతావన్నీ క్షమించాను.

ఇక్కడ మా గదిలో నలుగురం. నేనే పెద్దదాన్ని. నడుమున చీర దోపుకుని పాఠం చెబుతుంటే వెనక బెంచీ ఆడపిల్లలు "అమ్మగారూ" అని పిలుస్తున్నారు. ముప్పై రెండేళ్లకి మళ్లీ పరీక్ష రాయడం అంత తేలికేం కాదు. రోజూ పొద్దున లేవగానే పారిపోయి వచ్చేద్దామనిపిస్తుంది. సెప్టెంబరు ఆఖరు దాకా ఓర్చుకుంటే ఉద్యోగం ఖాయం అంటున్నారు. అప్పుడు బావ ఆ కొలిమి వదిలేయొచ్చు. నేను వచ్చిందే అందుకని నీకు తెలుసు.

దుమ్ములో అక్షరాలు బాగానే ఉన్నాయి గానీ, దానికి కాగితం మీద కూడా రాయించు. ప్రతి ఉత్తరంతో పాటు అది రాసిన పేజీ ఒకటి పంపు. దాని రాత చూస్తే దాన్ని చూసినట్టే ఉంటుంది.

అసలు సంగతి. ఈ నెలలో మూణ్ణెల్ల రక్త పరీక్ష ఉంది కదా. పోయినసారి బావ రక్తంలో సీసం హద్దు దాటింది. రెండోసారి కూడా దాటితే కొలిమి నుంచి తీసేసి క్వార్టరు ఖాళీ చేయమంటారు. దాటిందంటే నేను ఇక్కడ పెట్టె సర్దుకుని వచ్చేస్తాను. చదువు లేదు, పాడూ లేదు. నాకు నిజం రాయి. బావ దాచిపెడతాడు, నువ్వు దాచకు. రిపోర్టు నాకు పంపించు.

పాలు బావని కూడా తాగమను. సీసాన్ని పాలు కడుపులోంచి దింపేస్తాయని కొలిమి వాళ్లందరూ అంటారుగా. వినకపోతే దానికే ఇవ్వండి, ఎదిగే పిల్ల.

అక్క


జూన్ 28

మహాఘనత వహించిన పంతులమ్మ గారి సన్నిధికి,

కొలిమి మేస్త్రీ గారు, బిళ్ల నంబరు నలభై ఏడు, వారి రక్తం పరీక్షింపబడినది. హద్దు లోపల ఉన్నది. హద్దు లోపల అంటే గుమ్మం దగ్గర నిలబడ్డట్టు కాదు, నడింట్లో చాప వేసుకుని పడుకున్నట్టు. అసలు రిపోర్టు దీనితో పంపుతున్నాను, ముద్ర చూసుకో. నువ్వు పెట్టె సర్దనక్కర్లేదు. చీర నడుమున దోపుకునే ఉండు.

పిచ్చుక పేజీ కూడా ఇందులోనే ఉంది. 'అమ్మ' అని పదకొండుసార్లు రాసింది. పన్నెండోది రాయమంటే "అమ్మ ఒక్కతేగా" అంది. వాదనలో మన వంశమే.

బావకి మధ్యమధ్య కడుపులో మెలిపెడుతోంది. గ్యాసు అంటున్నాడు. నోట్లో తియ్యగా, ఇనుప చెంచా నాకినట్టు ఉంటోందట. వయసు మీద పడుతోందని నేను వెక్కిరిస్తున్నాను. నా సంగతి అడిగితే, ఫ్యాక్టరీ మెట్ల మీద జారి మోచేతి మడతలో చిన్న దెబ్బ తగిలింది. నల్లగా కమిలింది. పిచ్చుక దాని మీద దూదిపెట్టి ప్లాస్టరు అంటించి, "కదలకు, చచ్చిపోతావు" అని హెచ్చరించింది. వైద్యం ఇలాగే ఉంటుంది కాబోలు.

ఇట్లు,
ఆరోగ్యశాఖ మంత్రి


జూలై 7

తమ్ముడూ,

ఆ రిపోర్టు చదివాక, రెండు వారాల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాను. నా ఇనుప పెట్టె మూత లోపలివైపు జిగురుతో అంటించుకున్నాను. బట్టలు తీసుకునేటప్పుడల్లా కనబడుతుంది.

మొన్న క్లాసులో ఒక మాస్టారు చెప్పారు. సీసం దుమ్ము పెద్దవాళ్లకంటే పిల్లల ఒంట్లోకి త్వరగా ఎక్కుతుందట, చురుకైన పిల్లలు మందకొడిగా అయిపోతారట, వచ్చిన అక్షరాలు కూడా మర్చిపోతారట. క్లాసు అవగానే గదికి పరుగెత్తి పెట్టె మూత తెరిచి మళ్లీ చదువుకున్నాను. రోజూ దాని మధ్యలో నిలబడే మనిషి రక్తమే శుభ్రంగా ఉంటే, ఇంట్లో ఉన్న పిల్లకి ఏమవుతుంది? అనుకుంటే ఊపిరి వచ్చింది. ఆ కాగితం లేకపోతే ఆ రోజే బస్సెక్కేదాన్ని.

అవునూ, మెట్ల మీద జారితే మోచేతి బయట తగలాలి గానీ లోపలి మడతలో ఎలా తగిలింది? నువ్వు జారడం కూడా తిన్నగా జారవు.

పిచ్చుకకి పాలు ఆపొద్దు. పక్క కొలిమిలో పనిచేసే తాత తన పాలు తాగడని బావ అనేవాడుగా, ఆయన ప్యాకెట్టు కూడా అడిగి తెమ్మను.

అక్క


జూలై 23

అక్కా,

ఆలస్యానికి మన్నించు. స్టోరులో సరుకు లెక్క అని రాద్దామనుకున్నాను. నిజానికి ఏం రాయాలో తోచలేదు.

పిచ్చుక పది రోజులుగా అన్నం దగ్గర పేచీ పెడుతోంది. పొట్ట పట్టుకుని మూలన కూర్చుంటుంది. పాలు మాత్రం తాగుతోంది, ఇప్పుడు రోజుకి రెండు ప్యాకెట్లు. బడి పంతులమ్మ నన్ను పిలిచి, "పిల్ల పిలిస్తే పలకడం లేదు, ఇంట్లో ఏమన్నా గొడవలా?" అంది. మా ఇంట్లో గొడవ పడేంత ఓపిక ఎవరికీ లేదండీ అన్నాను. ఆవిడ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఇది నా జీవితంలో మొదటిసారి.

ఇక్కడి చిన్న డాక్టరు నులిపురుగులన్నాడు. మందు పోశాం.

బావ నిన్న కాఫీ కప్పు పట్టుకుని ఉండగానే వదిలేశాడు. మణికట్టు వాలిపోయిందన్నాడు. తర్వాత కప్పుని తిట్టాడు, నన్ను తిట్టాడు, కుర్చీని కూడా తిట్టాడు. బావ ఎవర్నన్నా తిట్టడం ఎప్పుడన్నా విన్నావా?

"స్నానం అక్కడే చేసి రా బావా" అని మూడుసార్లు చెప్పాను. "నీకెందుకురా ఇంత శుభ్రం, నువ్వేమన్నా పెళ్లికూతురివా" అన్నాడు. మర్నాడు నిజంగానే నిలబడ్డాడట. కుళాయి దాకా వచ్చేసరికి నీళ్లు అయిపోయాయి.

ట్యాంకు మీద రాయించడం మానేశాను. పిచ్చుక పేజీ పంపుతున్నాను.

తమ్ముడు


ఆగస్టు 1

ఒరేయ్,

నీ వేళాకోళానికి హద్దుండాలి. నువ్వు పంపిన పేజీ చూశాను. 'అ' తలకిందులు, 'మ' లో సగం లేదు, గీతలన్నీ కాగితం దిగి కిందికి జారిపోతున్నాయి. ఇది నీ ఎడంచేతి రాత. చిన్నప్పుడు నాన్న సంతకం కూడా ఇలాగే చేసి బడిలో ఇచ్చి తన్నులు తిన్నావు. నా కూతురు ఈ రాత దాటి ఏడాదైంది. నేను ఇక్కడ ఆ పేజీల కోసం ఎదురుచూస్తుంటే నువ్వు వాటితో ఆటలాడతావా?

దానికి పేచీ నా మీద బెంగతో. బెంగపెట్టుకున్న పిల్లలు తినరు, పలకరు. అది నేను భరించాల్సింది. నువ్వు నవ్వించక్కర్లేదు.

అసలైన పేజీ పంపు.

అక్క


ఆగస్టు 7

అక్కా,

అది నా ఎడంచెయ్యి కాదు.

ఎలా రాసిందో చెబుతాను. ఆదివారం పొద్దున వంటింటి గడప మీద కూర్చోబెట్టి పెన్సిలు ఇచ్చాను. 'అమ్మ' అని రాయవే అన్నాను. పెన్సిలు పట్టుకుని చాలాసేపు కాగితాన్ని చూసింది. "మామయ్యా, అది ఎటు తిరుగుతుంది?" అంది. ఏది అన్నాను. "అమ్మ" అంది. నేను తమాషా అనుకుని, అమ్మ బస్సెక్కి తిరుగుతుంది అన్నాను. అది నవ్వలేదు. నా చెయ్యి తీసుకుని కాగితం మీద పెట్టి, "నువ్వు తిప్పు, నాకు మర్చిపోయింది" అంది.

నేను తిప్పలేదు. అదే రాసింది. అరగంట పట్టింది. నువ్వు చూసింది అదే.

నీ మాస్టారు క్లాసులో చెప్పిన మాట నీ ఉత్తరంలో చదివాక ఊరుకోలేకపోయాను. ఫ్యాక్టరీ డాక్టరు దగ్గరికి వెళ్లి పిల్లకి కూడా రక్తం చూడండి సార్ అని అడిగాను. ఆయన రిజిస్టరు తెరిచి బావ నంబరు చూసి, "తండ్రికే లేనిది పిల్లకెలా వస్తుందయ్యా, చదువుకున్నవాడివి" అన్నాడు. చదువుకున్నవాణ్ణి కదా, తిరిగొచ్చాను.

బండి రోజూ కడుగుతున్నాను. బావ బట్టలు వేరే బకెట్టులో ఉతుకుతున్నాను. బకెట్టు అడుగున బూడిదరంగు బురద దిగుతోంది. ప్రతి రోజూ అంతే దిగుతోంది.

ఇక్కడ ఇంకో నాలుగు వరసలు రాసి కొట్టేశాను. కాగితాన్ని వెలుతురుకి పట్టి చదవడానికి ప్రయత్నించకు.

తమ్ముడు


ఆగస్టు 13

తమ్ముడూ,

పట్టి చూశాను. గట్టిగా కొట్టేశావు. 'బావ' అన్న ఒక్కమాట, 'నాకు తెలుసు' అన్న ఇంకో మాట కనపడ్డాయి.

నాకు అర్థమైంది. మణికట్టు వాలిపోవడం, కప్పు జారవిడవడం, ఊరికే తిట్టడం, నోట్లో ఏదో రుచి. బావ తాగుతున్నాడు. నేను లేనని మొదలుపెట్టాడు. అది చూసి పిల్ల బెదిరిపోయింది. నువ్వు బావ మీద ప్రేమతో దాస్తున్నావు.

ఆయనకి విడిగా ఉత్తరం రాశాను. రాయగూడని మాటలు కూడా రాశాను. నువ్వు మధ్యలోకి రాకు.

పిచ్చుకని పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. నేను సెలవు అడుగుతున్నాను.

అక్క


ఆగస్టు 22, పొద్దున

అక్కా,

ఇది పోస్టులో వేయడం లేదు. పెద్దాసుపత్రి గేటు దగ్గర కాపలా తాతకి ఇస్తున్నాను. పచ్చ పెట్టె పట్టుకుని ఒకావిడ పరుగెత్తుకుంటూ వస్తుంది, లోపలికి వదలకముందే ఇవ్వు తాతా అని చెప్పాను. "ఏం బాబూ, ప్రేమలేఖా?" అన్నాడు. ఇంకొకరోజైతే ఏదో ఒకటి అనేవాణ్ణి.

నిన్న హాస్టలుకి ఫోను చేసి మీ వార్డెనుకి 'పిల్లకి ఒంట్లో బాలేదు' అని మాత్రమే చెప్పాను. మిగతాది ఇది. పిచ్చుక ఇప్పుడు తెలివిలో ఉంది, నిద్రపోతోంది. ముందు అది చదువుకుని తర్వాత మిగతాది చదువు.

సోమవారం బడిలో దానికి ఫిట్సు వచ్చాయి. పంతులమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుని రిక్షాలో ఈ ఆసుపత్రికి తీసుకొచ్చింది. నేను వచ్చేసరికి దాని చెప్పు ఒకటే ఉంది. రెండోది ఎక్కడుందని నేను పావుగంట వెతికాను. ఎందుకు వెతికానో నాకు తెలీదు.

బావ ఆ రోజు నుంచి మంచం పక్క నుంచి కదల్లేదు. నీ ఉత్తరం ఆ రోజు పొద్దునే అందింది. చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నేను అక్కకి అసలు సంగతి రాసేస్తాను బావా అంటే, "తాగుతున్నాననే అనుకోనీరా. ఇంకో నెలన్నర ఓపిక పడితే దాని చదువు అయిపోతుంది" అన్నాడు. ఆయన తాగడం లేదక్కా. పాలు కూడా తాగలేదు.

నిన్న సాయంత్రం డాక్టరమ్మ నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచింది. పిచ్చుక రక్తంలో సీసం ఉందట. కాగితం మీద అంకె చూపించింది. ఉండకూడనిదానికి ఎన్నో రెట్లు. మందు ఉన్నదాన్ని కొంత తీస్తుందట గానీ, సీసం ఇంకా ఒంట్లోకి వస్తూనే ఉంటే ఆ మందే చేటు చేయొచ్చట. ఇంకోసారి ఫిట్సు వస్తే తను ఏ మాటా ఇవ్వలేనంది. అందుకని అది ఎక్కణ్ణించి వస్తోందో ముందు తేలాలంది.

"తండ్రి ఏం చేస్తాడు?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ వెంటనే కలం పక్కన పెట్టి, "ఫ్యాక్టరీలో రక్తం చూస్తారుగా, ఆయనది ఎంత?" అంది. జూన్ రిపోర్టు నకలు నా పర్సులో ఉంది. నువ్వు పెట్టెలో పెట్టుకున్నావని నేను పర్సులో పెట్టుకున్నాను. ఇచ్చాను.

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. "ఇంత తక్కువా? అయితే ఇంట్లోంచి కాదు. బడి గోడల రంగో, నీళ్లో చూడాలి. ఇల్లే నయం. రేపు మందు మొదలుపెట్టి మధ్యాహ్నం ఇంటికి పంపిస్తాను, పాలు బాగా పట్టండి" అంది.

నేను సరేనండీ అన్నాను. అక్కా, నేను సరేనండీ అని బయటికి వచ్చాను.

అంటే ఈ మధ్యాహ్నం పిచ్చుక ఆ మందు వేసుకుని మన ఇంటికి వస్తుంది. బావ బండి ఉన్న గేటుకి, బావ చొక్కా వేలాడే మేకుకి, ఆయన చేత్తో జేబులోంచి తీసిచ్చే ప్యాకెట్టుకి. దాని మూల అది పళ్లతో కొరుకుతుంది. ఆ మూల మీద ఏముందో నాకు తెలుసు. బకెట్టు అడుగున రోజూ చూస్తున్నాను.

ఇప్పుడు డాక్టరమ్మ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. తొమ్మిదింటికి తలుపు తీస్తారు. మొదటి చీటీ నాదే. నువ్వు ఇది చదివేసరికి నేను లోపల చెప్పేసి ఉంటాను. బావకి ఇంకా చెప్పలేదు. ఆ పాలప్యాకెట్టు సంగతి బావకి ఎలా చెప్పాలో నువ్వొచ్చి చెప్పు. నా వల్ల కాదు.

నీకు జూన్‌లో ఒక పెద్ద క్షమాపణ రాశాను. అందులోవన్నీ ఉత్తివి. కప్పను నేను పెట్టలేదు. పిచ్చుక పేజీ ఎడంచేత్తో రాయలేదు. మెట్ల మీద జారనూ లేదు.

చేసింది ఒక్కటే. దాటితే వచ్చేస్తానని నువ్వు రాసిన ఉత్తరం బావకి చదివి వినిపించి, ఈసారికి నీ బదులు నేను కూర్చుంటానన్నాను. ఆయన వద్దురా అన్నాడు. ఆయన బిళ్ల నేనే తీసుకున్నాను. జూన్ ఇరవైన కొలిమి వాళ్ల టోపీ, ముక్కుకి గుడ్డ, నలభై ఏడో నంబరు బిళ్ల పెట్టుకుని క్యాంటీను బల్ల దగ్గర కూర్చుని చొక్కా చెయ్యి మడిచాను. కాంపౌండరు నా మొహం చూడలేదు, బిళ్ల చూశాడు. "ఏం మేస్త్రీ, ఈసారి నరం ఇట్టే దొరికిందే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, గుడ్డ అడ్డం ఉండి కనపడలేదు.

నీ పెట్టె మూతకి అంటించుకున్న కాగితంలో ఉన్నది బావ రక్తం కాదక్కా. నాది.